షిఫ్టు మార్పు

బన్నేరుఘట్ట దాటాక బస్సులో మేమిద్దరమే మిగిలాం.
రాగిహళ్ళిలో దిగుతుంటే కండక్టరు ఏదో అన్నాడు,
ప్రెస్ షాపు తినేసిన నా ఎడమ చెవికి అందలేదు.
పెంచలయ్య నవ్వాడు.
"ముసలోళ్ళకి అడవిలో ఏం పనంట."

ఏం పనో మాకూ సరిగ్గా తెలీదు.

ముప్పై ఒక్క ఏళ్ళు
జాలహళ్ళి గడియారాల ఫ్యాక్టరీలో
వాడిది రాత్రి షిఫ్టు, నాది పొద్దుటిది.
వాడు బయటికొచ్చే గేటులోంచే
నేను లోపలికి పోయేవాణ్ణి.
మధ్యలో పది నిమిషాలు.
సైరన్‌కి ముందు, సగం టీలో సగం,
నూనె కారే బోండా చుట్టిన కన్నడ పేపరు.
వాళ్ళ తమ్ముడు పోయిన కబురూ
నా చీటీ డబ్బు మునిగిన సంగతీ
ఆ పది నిమిషాల్లోనే నిలబడి చెప్పుకున్నాం.
ఒకసారి కూర్చుని లెక్కేశాను, సెలవులు తీసేసి:
మా స్నేహం అరవై నాలుగు రోజులు,
చిల్లర.

అందుకే ఈ రాత్రి.

వాడి మేనల్లుడికి తెలిసినవాళ్ళ ఇల్లట,
ఇల్లనడానికి ఒకే గది.
మంగళూరు పెంకులు, రెండు నులక మంచాలు,
కిటికీ అవతల ఏనుగుల కందకం,
కందకం అవతల ఇక ఊరనేది లేదు.
తాళంచెవి ఇస్తూ కాపలా మాదప్ప
ఆనేకల్లు తెలుగులో చెప్పాడు:
"ఆరయితే బయట రావద్దండి సార్, ఆనెలు ఉండాయి.
కొంచెం గట్టిగా వెయ్యండి గడియ."
ఆ గడియ తుప్పుపట్టి కదల్లేదు.
లక్ష గడియారాలకి ఊపిరి పోసినోళ్ళం
ఇద్దరం కలిసి ఒక్క గడియ వెయ్యలేక
చెమటలు పట్టి, నవ్వొచ్చి,
మంచాన్ని తలుపుకి అడ్డంగా జరిపాం.

చిత్రాన్నం తిన్నాం. ఉడకేసిన వేరుశెనక్కాయలు ఒలిచాం.
ఉత్తరాన ఆకాశం అంచు
కాలిన రొట్టెలా ఎర్రగా ఉంది, అదే బెంగళూరు.
మిగతాదంతా చీకటి,
నేను మరిచేపోయిన రకం చీకటి.
వాడితో చెప్పాల్సినవి మనసులో పేర్చుకుని వచ్చాను.
మా ఆవిడ ఆఖరి నెల గురించి,
గేటు మూసిన రోజు నేనెందుకు రాలేదో దాని గురించి.
"చెప్పు" అన్నాడు వాడు, లాంతరు తగ్గిస్తూ.
"ముందు నువ్వు చెప్పు" అన్నాను.

తొమ్మిదికి
నాకు నిద్ర ముంచుకొచ్చింది.

ఒంటికి తెలిసిన టైము అది, మాట వినదు.
మెలకువొచ్చేసరికి ఐదున్నర.
పెంకుల సందుల్లోంచి బూడిదరంగు వెలుతురు,
తలుపు మూరెడు తెరిచి ఉంది.
వాడు దుప్పటి కప్పుకుని గడప మీద,
ఉద్యోగం పోయి ఇన్నేళ్ళయినా
రాత్రిళ్ళు నిద్రపట్టని మనిషి.
కళ్ళు ఎర్రగా, గొంతు బొంగురుగా,
అప్పట్లో గేటు దగ్గర చెప్పినట్టే చెప్పాడు:

"రెండు గంటలకి మూడు వచ్చినాయి. ఒకటి పిల్ల.
కందకం ఎక్కడ పూడిందో వాటికి తెలుసు.
మాదప్ప రాగి చేను జోలికి పోలేదు.
పిల్ల ఇక్కడిదాకా వచ్చి
మన చిత్రాన్నం డబ్బా వాసన చూసింది.
లాంతర్లో కిరసనాయిలు అయిపోయింది."

"నన్ను లేపొచ్చుగా?"

"నీ షిఫ్టు కాదు గదా."

సగం టీ పోశాను, సగం నాకు.
ముంగిట్లో మెత్తటి మట్టిలో
పళ్ళెమంత గుంట, మంచు దిగి తడిగా.
నేను అరచేయి పెట్టి చూస్తుంటే
లోపల మంచం కిర్రుమంది.

పడుకున్నాడు.
నిద్రలో వాడి బొటనవేలూ చూపుడువేలూ
కనపడని పట్టకారుతో
కనపడని చక్రాన్ని ఎత్తి, ఊపిరి బిగబట్టి,
ఎక్కడో పెడుతున్నాయి.
పెట్టాక, వదిలాయి.

తొమ్మిది బస్సు హారను వినిపించింది, కుడి చెవికి.
పోనిచ్చాను.
గడప మీద వాడి దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది.
కప్పుకుని కూర్చున్నాను,
చెప్పాల్సినవి వరస తప్పకుండా
మళ్ళీ మొదటినుంచి పేర్చుకుంటూ.