ఈ ఒడ్డు, ఆ ఒడ్డు

పగలంతా ఇల్పో
బీమా కంపెనీ లెక్కల్లో తల దూర్చి ఉంటాడు.
తుర్కు చలిలోంచి ఇంటికొచ్చి, బూట్ల మంచు దులుపుకుని
బఠాణీ సూప్ గిన్నె పక్కనే లాప్‌టాప్ తెరుస్తాడు.
ఇక్కడ జీతం లేదు, గడువు లేదు,
ఎందుకని అడిగే మేనేజరూ లేడు.

పులిసే రై పిండి ఎంత పొంగిందో కొలిచే ప్రోగ్రాం ఒకటి.
అది పూర్తయ్యేలోపే పిండి చచ్చింది.
తాత అకార్డియన్‌లో మూగబోయిన మీటల్ని పట్టేది ఇంకొకటి.
దానికి పేరైతే పెట్టాడు. అంతే.

ఈ చలికాలం మాత్రం
కిటికీకి ఓ పాత కెమెరా కట్టి
ఆవురా నది దాటించే చిన్న పడవ
ఎక్కడుందో చెప్పించాడు.
రెండే మాటలు: ఈ ఒడ్డు. ఆ ఒడ్డు.
పొగమంచుకీ పడవకీ తేడా నేర్పడానికే
మూడు రాత్రులు తెల్లారాయి.

"కర్టెన్ తీస్తే కనిపించేదానికి ఇంత తతంగమా?
తిన్నదరక్క" అంది చెల్లెలు కైసు.
నిజమే అన్నాడు, టైప్ చేస్తూనే.

మార్చిలో ఎప్పుడో తీగ ఊడింది.
అతను చూసుకోలేదు.
పొద్దున్న ఏడింటికి తలుపు చప్పుడు:
కింది అంతస్తు ఆయిలి, ఎనభై దాటిన మనిషి,
చేతిలో టాబ్లెట్, ఒక్క కాలికే మేజోడు.
"మీ పడవ నిన్నట్నుంచీ ఆ ఒడ్డునే ఉంది.
దానికేమైనా అయిందా?"

ఆమె కిటికీలన్నీ పెరటివైపే.
ఏ ఒడ్డుకీ వెళ్ళే పని లేదట.

తీగ గుచ్చాడు.
ఇద్దరూ నిలబడే ఉన్నారు,
మాట మారేదాకా.