కబురు మోసే తీగ

మళ్ళీ ఆరిపోయింది.
నిఘంటువుకి ఆనించి నిలబెట్టిన
పలకంత పల్చని నా రెండో తెర.
ఆరేముందు ఒక్క మాటే అంటుంది:
సిగ్నల్ లేదు.
పొద్దస్తమానం ఉపశీర్షికలు రాసే నేను
ఇంత పొట్టి వాక్యం
ఎప్పుడూ రాయలేదు.

విల్యాండిలో ఫిబ్రవరి. ఆరింటికి
కిటికీ అద్దంలో నా ముఖం తప్ప ఊరు కనపడదు.
తొమ్మిదికల్లా పంపాల్సిన భాగం:
ఒక రొట్టెల దుకాణం, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒక తగాదా.
లాప్‌టాప్ మీద వాళ్ళ నోళ్ళు కదులుతున్నాయి.
పక్క తెర మీదికి రావాల్సిన మాటలు
దారిలో ఎక్కడో బిక్కుబిక్కుమంటున్నాయి.

తీసి పెట్టాను. తిప్పి పెట్టాను.
డాక్‌ని గోడనుంచి పీకి ముప్ఫై లెక్కపెట్టబోయి
ఇరవై రెండు దగ్గర ఓపిక చచ్చి
మళ్ళీ గుచ్చాను.
డ్రైవర్లు కొత్తవి వేశాను.
తెరలు వెతుకు అని నొక్కితే
వెతికినట్టే వెతికి, ఒకటే ఉంది అంది,
ఈ ఇంట్లో రెండో మనిషి లేదని
జనాభా లెక్కలవాడు రాసుకుపోయినట్టు.
(అతను రాసింది నిజమే అనుకోండి.)

మౌసుకీ కీబోర్డుకీ హార్డ్ డిస్కుకీ ఫోనుకీ
వడ్డించుకుంటూ వచ్చేసరికి
పంక్తి చివర కూర్చున్న తెర దగ్గర
గరిటె ఖాళీ అయిందేమో!
ఒక్కొక్కరినీ లేపేశాను.
తెర వెలిగింది.
మూడు లెక్కపెట్టేలోపు
మళ్ళీ అదే మాట.

కింది వాటా కాల్యో
మంచు పార తిరిగిచ్చిపోదామని వచ్చాడు.
ముప్ఫై ఎనిమిదేళ్ళు టెలిఫోను స్తంభాలెక్కిన మనిషి.
ఇప్పుడు రెండు చెవులూ దాదాపు లేవు.
ఏమైందని అడగలేదు. బూట్లు విప్పి వచ్చి
డాక్ మీద అరచెయ్యి పెట్టాడు, జ్వరం చూసినట్టు.
తర్వాత తెర వీపు మీద.
"వెచ్చగా ఉంది," అన్నాడు, అవసరానికి మించి గట్టిగా.
"అన్నం అందుతోంది. కబురే అందట్లేదు.
ఈ తీగ ఎక్కడిది?"

సొరుగులోది. నల్లది.
సొరుగులో ఉన్న మిగతా నల్లవాటిలాంటిదే.
చాలాసేపటికి గుర్తొచ్చింది,
పళ్ళు తోముకునే బ్రష్‌తో వచ్చింది.

ఆయన నవ్వలేదు.
"అన్నం పెట్టే తీగ వేరు, కబురు మోసే తీగ వేరు.
పైకి అక్కచెల్లెళ్ళే."

అసలు తీగ పెట్టె అడుగున దొరికింది,
కాగితపు నడికట్టు కూడా విప్పకుండా.
గుచ్చాను.
సిగ్నల్ లేదు.
కాల్యో డాక్‌ని బోర్లించి, కళ్ళజోడు నుదుటికి నెట్టి,
గోళ్ళతో దుమ్ము గీకాడు.
ముందు రంధ్రం పక్కన మెరుపు గుర్తు ఒక్కటే.
వెనకదాని పక్కన, చీమంత, ఒక తెర బొమ్మ.
కొన్నప్పటినుంచీ అక్కడే ఉంది.

రొట్టెల దుకాణం వెలిగింది.
దాని పక్కన నా వరసలన్నీ,
నల్లటి నేల మీద తెల్లగా.
ఆయన వంగి, పెదవులు కదుపుతూ చదివాడు:
తలుపు కిర్రుమంటుంది.
"ఇవి రాసేది నువ్వా?"

తలూపాను.

"నిరుడు ఒక రాత్రి," అన్నాడు,
"పక్కగదిలో టెలిఫోను, ఎవరూ తియ్యరు, అని వచ్చింది.
నేను లేచి వెళ్ళి చూశాను."

ఏం అనాలో తెలియక నేను టీ పెడతానన్నాను.
వినపడలేదు.
చేతితొడుగు అంచు నుంచి ఎర్ర ఉన్నిపోగు లాగి
కబురు మోసే తీగకి ముడేసి
కొస పళ్ళతో తెంపాడు.

ఎనిమిదీ యాభై ఏడుకి పంపాను.
ఒక అక్షరదోషం ఉంది, తర్వాత చూసుకున్నాను.
పార ఆయనే మళ్ళీ పట్టుకెళ్ళిపోయాడు.
పొద్దున మెట్ల కింద దాని చప్పుడు
చాలాసేపు విన్నాను.
ఏమని రాయాలో
ఇంకా తేలలేదు.