ఊడ్పు చీటీ

హసావీలో మా కుట్టు అంగడి వెనక గదిలో
నెలకోసారి శుక్రవారం చీటీ పాట.
ఇరవై మంది, తలా పది దినార్లు.
మిషను మూత మీద పుస్తకం పెట్టుకుని
లెక్క రాసేది నేను.

ఆ నెల పాట మొదలుకాకముందే
ఓబులమ్మక్క అనింది:
"ఈసారి ఎవరూ తగ్గించి పాడొద్దు.
దుడ్డు దస్తగిరికి."

దస్తగిరి పగలు షువైఖ్‌లో ఏసీలు బాగుచేస్తాడు.
రాత్రి, ఆరుగురి గదిలో, పై మంచం మీద
దుప్పటి గుడారం కింద
మూల విరిగిన లాప్‌టాప్‌తో
రెండేండ్లుగా ఒకటే రాస్తా వచ్చినాడు:
ఎన్ని గంటలు చేసినామో, ఎన్నింటికి కూలి ఇచ్చినారో
తెలుగులో చూపే లెక్క.
నెట్ లేకున్నా ఫోన్లో నడుస్తాది.
చదువు రానోళ్లకు చదివి వినిపిస్తాది,
ఆ గొంతు మాబున్నీది.

దుడ్డు ఇస్తామన్నోళ్లు రాకపోలేదు.
ఇండ్లకు డబ్బులు పంపే అంగడాయన
"అడుగున మా బొమ్మ వేయి, చాలు" అన్నాడు.
జీతం పడిన పొద్దు మాత్రం ఆ బొమ్మ
ఎగిరి ముందుకు రావాలంట.
వీసాల ఏజెంటు ఐదొందలు బల్ల మీద పెట్టినాడు,
ఎవరెవరు కఫీల్ మీద గుర్రుగా ఉన్నారో
ఆ పట్టీ ఒక్కటి ఇస్తే.
ఎక్కడో చలిదేశంలో ఒక సంస్థ
పద్నాలుగు పేజీల దరఖాస్తు పంపింది:
మీ పనితో ఐదేండ్లలో వచ్చే మార్పును అంకెల్లో చూపండి.
ఆ గడిలో దస్తగిరి
"నిన్న సుబ్బరత్నమ్మకు పదకొండు దినార్లు తిరిగొచ్చినాయి"
అని రాసి పంపినాడు.
జవాబు లేదు.
నెలకు పావు దినార్ పెడదామా అని నేనే అడిగితి.
"ఆ పావు లేని పొద్దే కదన్నా దీంతో పని."

అందుకే చీటీ. తరుగు లేకుండా రెండొందలు.
ఒక్కొక్కరిదీ ఒక కోరిక.
శుక్రవారం ఎర్రగా కనపడాలన్నాడు చెన్నకేశవులు.
ఓబులమ్మక్క అనింది, "ఇంటి చాకిరికి గంటలు యాడుంటాయి,
పిలిచినప్పుడల్లా ఒక చుక్క పెట్టేట్టు చేయి."
చేసినాడు.
మొదటి రోజు ఆమె ఫోన్లో నూటపన్నెండు చుక్కలు.
ముగ్గేయొచ్చు అక్కా, అన్నారెవరో.
ఎవరూ నవ్వలేదు.

ఆరు నెలలు బాగా నడిచింది.
మస్కట్ నుంచి, దోహా నుంచి ఫోన్లు.
తర్వాత ఫోన్ల కంపెనీ వాడు లోపల ఏందో మార్చినాడు.
లెక్క తెరుచుకోవడం మానేసింది.
తిట్టడానికి మాత్రం అందరికీ నెట్ దొరికింది.

మళ్లీ పాట రోజు
దస్తగిరి తల వంచుకుని కూర్చున్నాడు.
కొత్తదేమన్నా చేస్తానంటే సరే,
ఉన్నదాన్ని బాగుచేయడానికి దుడ్డేంది,
అని ఎవరో గొణిగినారు.
నేనేనేమో.

ఓబులమ్మక్క పర్సు జిప్పు లాగింది.
"తొమ్మిదేండ్లుగా ఒకే ఇల్లు ఊడుస్తాండా.
దుమ్ము ప్రతి పొద్దూ కొత్తగానే వస్తాది.
కట్టినోడి పేరు వాకిట్లో రాతిమీద చెక్కినారు.
నెల ఊడ్చకపోతే ఆ పేరూ కనపడదు."
అర దినార్ నోటు తీసి
మిషను మూత మీద పెట్టింది.

పుస్తకంలో కొత్త పేజీ తిప్పినాను.
పాట లేదు, ఎత్తుకునేవాడు లేడు,
ముగిసే నెల లేదు.
ఇట్లాంటి చీటీకి పైన ఏం రాయాలో తోచక
ఊడ్పు అని రాసి
కింద ఆమె పేరు రాసినాను.

బయట గాలిదుమ్ము లేచింది.
షట్టర్ కింద నుంచి సన్నగా లోపలికొచ్చి
తడి ఆరని పేరు మీద వాలింది.
ఊదినాను.
దాని కింద రెండో పేరు రాసుకున్నాను, నాదే.