రెండున్నర తులాలు

ఈ ఏడు ఆలస్యంగ తీసిన కూలర్‌ని.
గడ్డి మార్చుదామని జాలీ ఊడదీస్తే
గూడు.
నిరుటి గడ్డి, నా పాత రైక పీలిక, కొంచెం దూది.
తల్లి పొద్దుగాల ట్రాన్స్‌ఫార్మర్ మీద మాడిపోయిందని
పక్క క్వార్టర్ సునందాబాయి చేత్తో చూపించింది.
"ఖార్, ఖార్" అన్నది.
బల్లార్షా వచ్చి ఇరవై ఏండ్లయింది,
ఇంకా ఆ మాట నా చెవికి కారమే.

మూడు పిల్లల్ల రెండు అప్పటికే చల్లబడ్డయి.
మూడోది,
బయట నలభై మూడు డిగ్రీలు మండుతుంటే,
నా అరచేతిల చలికి వణికింది.

సోనార్ దుకాణంల తూకం వేయించిన,
నా పుస్తెలు కుదువ పెట్టిన కాటా మీదనే.
రెండున్నర తులాలు.
"ఏమని రాసుకోవాలె?" అని నవ్విండు దేవీదాస్.
రాసుకోకు అన్న. దీన్ని ఇడిపించుడు నా తోటి అయితదో కాదో.

ఆవుపాలు వద్దన్నడు పశువుల కాంపౌండర్.
ముందు ఒళ్లు వెచ్చబడాలె, తర్వాతనే పాలు,
చల్లటి కడుపుల పోస్తే పాలే విషం.
గోండుగూడెం మేకపాలు, సగానికి సగం నీళ్లు,
సూది పీకేసిన షుగర్ సిరంజి.
ఎల్లకిల పట్టొద్దు. ముందుకాళ్లు వేలి మీద పెట్టుకోనియ్యాలె.
ఒక చుక్క. ఆగు. మింగిందా? ఇంకో చుక్క.
మొదటి రాత్రి నేను తొందరపడ్డ.
పాలు ముక్కుల నుంచి బుడగలయి వచ్చినయి.
అప్పటి నుంచి దాని ఊపిరిల ఒక చప్పుడు,
టిక్కు టిక్కు,
బొగ్గు మింగి రిటైరయినోళ్ల ఛాతీల ఉండేదే.
చిన్నగ.

రెండు గంటలకోసారి పట్టాలంటే
డ్యూటీకి తీసుకపోవుడే.
నాది ల్యాంపు రూము. మా ఆయన పోయినంక ఇచ్చిన నౌకరి.
గని దిగేటోళ్లు బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటరు,
ఎక్కినంక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటరు.
కొక్కెానికి బిళ్ల వేలాడుతున్నదంటే
లోపల ఒక మనిషి ఉన్నట్టు.
రెండు వందల పదమూడు
ఒకసారి మూడు రోజులు వేలాడింది.
ఇప్పుడది రాజమొగిలి అనే పిలగాడిది. మంచోడు.
దీపం తీసుకునేటప్పుడు నా మొఖం చూడడు.

ఛార్జింగ్ ర్యాకు మీద ఎప్పుడూ వెచ్చగుంటది.
అన్నం గిన్నెల సాక్సు పరిచి అక్కడ పెట్టిన.
షిఫ్టు షిఫ్టుకు కిటికీల తల పెట్టి
మనోళ్లు "బతికిందా" అంటరు, మరాఠోళ్లు "ఆహే కా" అంటరు,
ఛత్తీస్‌గఢ్ ముసలాయన ఏమీ అడగడు, చెవి ఒగ్గి వింటడు.
"ఉడుత ఊపులకు చింతకాయలు రాలతయా" అన్నడు ఓవర్‌మన్ ఓదెలు.
రాలకపోతే రాలకపాయె.
చింతకాయలు నేను అడిగిన్నా?

నాలుగో రోజు పాలు తాగింది కాని పోయలేదు.
తల్లి నాకితేనే పోస్తదంట ఈ జాతి.
తడి దూదితోటి, తోక కింద, దీపం అద్దం తుడిచినట్టు
సాయంత్రం నుంచి తుడుస్తనే ఉన్న.
కడుపు గట్టిపడ్డది.
పన్నెండుకు రెండో షిఫ్టు ఎక్కింది.
ఒక చేత్తో బిళ్లలు, ఒక చేత్తో దూది.
ఒకటి తక్కువ.
చూడకుండనే తెలిసింది ఏదో.

పావుగంట.
రాజమొగిలి కుంటుకుంట వచ్చిండు, బూటు లేసు తెగిందంట.
తిట్టిన. మా అమ్మ తిట్టే తిట్లన్నీ తిట్టిన.
అప్పుడు చూసిండు నా మొఖం.
ఏమనలేదు. గిన్నెలకు వంగి
"గీన్ని జర ముందటికెళ్లి తుడువు అక్కా" అన్నడు,
ఏదో తెలిసినోని లెక్క.

మూడుంబావుకు
బొటనవేలి మీద వెచ్చగ ఒక చుక్క,
ఇంకో చుక్క.
చెప్పుదామంటే ఎవరూ లేరు, మూడో షిఫ్టు మొత్తం కిందనే ఉన్నది.
ఊపిరిల టిక్కు ఇంకా పోలేదు.
రిజిస్టర్ తెరిచి
రిమార్కుల గడిల రాసిన:
పోసింది.