గడియలు

వంటింటి బల్ల మీద పటం పరిచాను.
మూలలు లేవకుండా బరువులు పెట్టాను:
ఉప్పు డబ్బా, చల్లారిన టీ కప్పు,
గొలుసుకి పూసే నూనె సీసా.
నాలుగోది పిల్లి. పిలవకుండానే వచ్చి
సముద్రం ఉండాల్సిన చోట పడుకుంది.

దక్షిణ ఇంగ్లండు సుద్దకొండలు
ఎవరో నిద్రలో తన్నేసిన దుప్పటిలా ఉన్నాయి పటంలో.
గీతలు ఒత్తుగా ఉంటే ఎగువ,
పలచబడితే తెరపి.
పొట్టి గీతల దారి నడిచేవాళ్ళది,
పొడుగు గీతల దారి గుర్రాలదీ, మా సైకిళ్ళదీ.
వాన పడితే సుద్ద సబ్బవుతుంది.
తడిసినా ఎండినా
చెకుముకి రాళ్ళకి టైరంటే పాత పగ.
ట్యూబులు రెండు, కాదు, మూడు.

టామ్సిన్ ఫోను చేసింది:
"కోల్డ్‌రిడ్జ్ మీంచి ఒక్క ఊపున దిగిపోదాం,
బ్రేకు మీద వేలు పెడితే ఒట్టు!"
ఇరవై నాలుగేళ్ళు దానికి.
కొండల్ని దిగడానికే పోశారనుకుంటుంది.

డెంజిల్ మాత్రం "ఎటైనా సరే" అన్నాడు.

ఎటైనా సరే అనే మనిషి కాదు.
నిరుడు ఈ రోజుల్లో
మేమింకా హాథార్న్ పొదల దగ్గర రొప్పుతుంటే
తను పైన కూర్చుని, యాపిల్ సగం తిని,
"దారి తప్పారా?" అని అరిచేవాడు.
ఫిబ్రవరిలో
ఎడమ ఊపిరితిత్తిలో సగం ఆసుపత్రిలో వదిలొచ్చాడు.
ఇప్పుడు మా ఇంటి మెట్లెక్కుతూ
సగంలో కిటికీ దగ్గర ఆగి
వీధిలో ఏదో వింత ఉన్నట్టు చూస్తాడు.
నేనూ చూస్తాను. వీధిలో ఏమీ ఉండదు.
బ్యాటరీ సైకిలు అద్దెకిస్తారట అన్నాను ఒకసారి.
"చచ్చాక ఎక్కుతాలే" అన్నాడు.

అందుకే దారి నేను వేస్తున్నాను.
కొండ ఎత్తుని బట్టి కాదు, టీ దుకాణాన్ని బట్టీ కాదు,
గేట్లని బట్టి.

గేటంటే దిగాలి.
మొదట వచ్చినవాళ్ళు తీసి పట్టుకోవాలి,
ఆఖరివాళ్ళు గడియ వెయ్యాలి,
లేకపోతే గొర్రెలు వాటి దారిన అవి పోతాయి.
అది మర్యాద. దాన్నెవరూ విశ్రాంతి అనరు.
ఒక్కో గడియ దగ్గర ఒక్కో గడియ,
అడగకుండా దొరికే ఊపిరి.

గేట్లన్నీ పటంలో కనిపించవు.
గురువారం ఒక్కదాన్నే వెళ్ళి లెక్కపెట్టొచ్చాను.
టామ్సిన్ దారిలో రెండే. నా దారిలో పదిహేడు.
మూడోదానికి గడియ లేదు, నీలం తాడు కట్టారు,
ఆ ముడి విప్పడానికి గోళ్ళు కావాలి. మంచి గేటు.
పదోది కుంగిపోయింది, భుజం పెట్టి లేపాలి.
ఆ పని నాది, వాడిది కాదు.
పదమూడోదాని స్తంభం మీద భరతపక్షి రెట్ట,
పైన ఎక్కడో కంటికానని చోట దాని అల్లరి.
తల ఎత్తి వెతకొచ్చు ఎంతసేపైనా.

ఏడోదే చిక్కు. స్ప్రింగు గేటు.
దానంతటదే ఠప్పున మూసుకుంటుంది,
అదీ అన్నిటికంటే నిలువు ఎగువకి నడిమధ్య.
సరే, అక్కడ
నా వెనక టైరులో గాలి తగ్గుతుంది.

దారి గీసి ఇద్దరికీ పంపాను.
టామ్సిన్ వెంటనే:
"ఇదేం దారి! సైకిలు యాత్రా, గేట్ల తనిఖీయా?"
డెంజిల్ నుంచి చాలాసేపు ఏమీ రాలేదు.
పిల్లి ఇంగ్లీషు ఛానెల్‌లో అటు తిరిగి పడుకుంది.
పదకొండింటికి ఫోను వెలిగింది.

"మెరియల్, ఆ నూనె సీసా ఇంట్లోనే వదిలెయ్.
నీ చేతులు ఊరుకోవు, గడియలకి పూస్తావు.
తుప్పు పట్టినవే నాకు నయం.
ఇంకో మాట. ఏడో గేటు దగ్గర
టైరు నాది. యాపిల్ నువ్వు తిను."

సీసా తీసి గూట్లో పెట్టాను.
బరువు పోయిన ఆ మూల, పటం
నెమ్మదిగా
మధ్యలో ఒకసారి ఆగి
పైకి లేచింది.