వీపు మీద కాగితం

రానని రెండుసార్లు చెప్పాను.
డోరిన్ వినలేదు. నా వంతు డబ్బు తనే కట్టేసి
శుక్రవారం సాయంత్రం పీతల ఫ్యాక్టరీ గేటు దగ్గర
బండి ఆపి హారన్ కొట్టింది.
"చేతులు కంపు కొడుతున్నాయే" అన్నాను.
"నావి కావూ? ఎక్కు."

న్యూఫౌండ్‌లాండ్ ఒడ్డున, అక్టోబరు చివర,
వేసవిలో పిల్లలకి ఈత నేర్పే చర్చి క్యాంపు అది.
పడవలన్నీ బోర్లా పడుకుని ఉన్నాయి.
ఇరవై ముగ్గురు ఆడవాళ్ళం, వేడినీళ్ళ కుళాయి ఒక్కటి.
పై మంచం నాది.
కింద డెబ్భై ఆరేళ్ళ వినిఫ్రెడ్ గారు,
ఆవిడ గురక
పొగమంచులో ఓడలకి దారి చెప్పే కూత.

నిద్ర రాక టార్చి వేసి చూస్తే
ముక్కుకి జానెడు దూరంలో పైకప్పు చెక్క,
దాని మీద మేకుతో గీసిన రెండు పేర్లు.
నాది, డోరిన్‌ది. పదకొండేళ్ళప్పుడు నేనే గీశాను.
దాని పేరులో ఒక అక్షరం మింగేశాను.

పొద్దున్నే గంజి గిన్నెల దగ్గర చెప్పాను.
"తెలుసు" అంది, చెంచా నాకుతూ,
"ఆ బాకీ వసూలవక్కర్లేదూ?
అందుకే నిన్ను వదల్లేదు."

ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నారు.
నేను చాప మీది మసిమచ్చ చూస్తూ కూర్చున్నాను.
రెండేళ్ళుగా చర్చిలో ఆఖరి బెంచీ నాది,
తేలు కుట్టిన దొంగలా.
ఆ ఫిబ్రవరిలో ఇంటి చమురు ట్యాంకు అడుగంటితే
స్త్రీల సంఘం టీ డబ్బాలోంచి నూటపది డాలర్లు తీశాను.
ఏప్రిల్లో మళ్ళీ పెట్టేశాను, ఒక్క సెంటు తగ్గకుండా.
ఈలోపు ఎవరో లెక్కపెట్టారు.
ఎవరూ ఏమీ అనలేదు.
తాళంచెవి మాత్రం ఇంకొకరి చేతికి మారింది.

శనివారం రాత్రి బెర్నిస్ కాగితాలు పంచింది,
ఒక్కొక్కరి వీపుకీ ఒకటి అంటించి,
"చూసిన మంచి రాయండి, సంతకం వద్దు."
నా గుండె జారి చెప్పుల్లో పడింది.
స్వెట్టరు మీంచి పెన్నులు కదులుతున్నాయి,
ఒకటి గబగబా, ఒకటి గిలిగింతలుగా,
ఒకటి
చాలాసేపు ఆగి, మొదలుపెట్టి, మళ్ళీ ఆగి.
వెనక్కి తిరగలేదు. తిరగకూడదు, అది ఆట నియమం.

స్టవ్ పక్కన కూర్చుని విప్పాను.
"నీ బన్నుల్లో కిస్‌మిస్‌లు ఎక్కువ. దేవునికి స్తోత్రం."
"నువ్వు నవ్వితే లైను మొత్తం నవ్వుతుంది, చాలా రోజులైంది."
"మంచులో దిగబడ్డ నా కారు తోశావు.
లోపల నేను ఏడుస్తుండడం చూశావు.
ఎవరికీ చెప్పలేదు."
అన్నిటికంటే అడుగున, వణికే చేతిరాత:
"ఎల్ఫ్రీడా, ఆ డబ్బా లెక్కపెట్టింది నేనే.
నీ ఇంట్లో చలి సంగతి అడగలేదు,
ఇంకొకరికి చెప్పాను.
ఇది నీలో చూసిన మంచి కాదు, నాలో చూసుకున్నది.
చోటు చాలలేదు."

ఆ రాత్రి దీపాలార్పాక
కింద గురక లేదు.
నేనూ మెలకువగానే ఉన్నాను, ఆవిడకి తెలుసు.
ఏం మాట్లాడాలో తెలియక
మంచం అంచు మీంచి చెయ్యి కిందికి వేలాడేశాను,
పీతల వాసన చెయ్యి.
కాసేపటికి
ముడతలు పడ్డ వేళ్ళు వచ్చి పట్టుకున్నాయి.
చల్లగా ఉన్నాయి. ఉన్ని చేతితొడుగులు తెచ్చుకోవాల్సింది, పిచ్చి మనిషి.
చెయ్యి తిమ్మిరెక్కేదాకా అలాగే ఉంచాను.
ఆ తర్వాత మొదలైంది ఓడ కూత.

తిరుగుదారిలో డోరిన్ అడిగింది, ఏం రాశారని.
"కిస్‌మిస్‌లు" అన్నాను.
"అది నేనే రాశా" అంది.

సోమవారం, ఏడింటి షిఫ్టు.
పీత కాళ్ళు విరుస్తున్నాను, రెండు జతల గ్లవుజులు, అయినా చలి.
వీపు మీద మాత్రం
ఎవరో ఇంకా రాస్తున్నట్టే ఉంది.