పుర్రచేయి

గుంటూరు స్టేషను, ఒకటో నెంబరు ప్లాట్‌ఫారం.
సికింద్రాబాద్ బండి గంటన్నర లేటు.
టీసీల గదిలో, కిరకిరలాడే ఫ్యాను కింద,
నా ఫోన్‌లో నార్వే.
ఆమె పేరు నాకు నోరు తిరగదు.
చొక్కా మీది అంకెతోనే పిలుచుకుంటా: పదిహేడు.
ఇవాళ ఆమె ఆఖరి ఆట.

పదిహేడుదీ పుర్రచేయే.

మా అమ్మ మిర్చి యార్డులో తొడిమలు తీసేది.
రాత్రిళ్లు చేతులు మజ్జిగలో ముంచుకుని
ఆ మండే వేళ్లతోనే
నా ఎడం చేతికి తుండుగుడ్డ బిగించేది.
"అన్నమే అది, కళ్లకద్దుకోవాల్సింది.
దాంతో తాకుతావంటే సలోమీ?"
కుడిచేత్తో ముద్ద కలపడం రాక
సగం మెతుకులు ఒళ్లో పోసుకునేదాన్ని.
బళ్లో స్కేలు దెబ్బ,
గుడిలో రొట్టె అందుకోబోతే పిన్నమ్మ గిల్లుడు,
ఎవరికి వాళ్లు దాచెయ్యమన్నారు.
దాచాను.
వీపు వెనక పెట్టుకుని పెంచుకున్నాను.

ఎనిమిదో తరగతిలో
నా కాళ్ల దగ్గరికి దొర్లిన బంతిని
పొరపాటున దాంతోనే విసిరేశా.
కరీముల్లా మాస్టారి నోట్లోంచి ఈల జారిపోయింది.
"ఇన్నాళ్లూ ఏడ దాచావే ఈ చేతిని?"
కుడి మూలలో ఆడించడానికి
జిల్లా అంతా గాలించినా ఎడమచేతి పిల్ల దొరకలేదట.
అక్కడినుంచి చూస్తే కుడిచేతోళ్లకి గోలు సన్నటి పగులు.
నాకు తలుపు.

బంతికి పూసే జిగురుకి డబ్బుల్లేవు.
మాస్టారు అరండల్‌పేట సైకిల్ షాపులో
పంచర్ సొల్యూషన్ అడిగి తెచ్చేవారు.
అరచేతిలో పొరలు పొరలుగా ఎండేది,
రాత్రి పప్పన్నంలో కూడా అదే వాసన.
అమ్మ చేతికి మంట, నా చేతికి బంక.
ఒకరి చేయి ఒకరం పట్టుకోలేని ఏళ్లవి.

జిల్లా. రాష్ట్రం.
లక్నోలో జూనియర్ నేషనల్స్, మూడో స్థానం.
రైల్వేలో ఉద్యోగం.
ఇరవై మూడో ఏట, విజయవాడలో, సిమెంటు కోర్టు మీద
గాల్లోకి లేచాను,
బాగానే విసిరాను,
దిగడమే కుదర్లేదు.
మోకాల్లో పుల్ల విరిగిన చప్పుడు
నాకొక్కదానికే వినపడిందనుకున్నా.
అవతలి గోల్‌కీపర్ కూడా విందట, ఆసుపత్రికొచ్చి చెప్పింది.
ఆ గోలు మాత్రం లెక్కలో వేశారు.

పదిహేడుకి రెండు మోకాళ్లూ కోశారు.
రెండుసార్లూ తిరిగొచ్చింది.
బిడ్డని కన్న ఏడో నెలకి మళ్లీ అదే మూలలో నిలబడింది.
మెడలో బంగారం ఎన్నిసార్లో, నాకే లెక్క తప్పింది.
బయట మంచు, లోపల వెచ్చటి హాలు,
పాదం కింద చెక్క నేల,
మోకాలికో డాక్టరు.
ఆమె మీద నాకు అసూయ లేదని రాయబోయాను.
ఉంది.
ఆ చెక్క నేల మీద ఉంది.

యాభై ఎనిమిదో నిమిషం. స్కోరు సమానం.
కుడి మూల. లేచింది.
గోల్‌కీపర్ దుప్పటిలా పరుచుకుంది, చీమ దూరే సందు లేదు.
పదిహేడు మణికట్టు ఒక్కసారి తిప్పింది,
ఆవకాయ జాడీ మూత తిప్పినట్టు.
బంతి బయటికి పోతూ పోతూ నేలని తాకి,
ఏదో మర్చిపోయినట్టు పక్కకి తిరిగి
లోపలికి

నెట్ ఆగింది.
తెర మీద చక్రం.
కిందికి చూస్తే నా ఎడం మణికట్టు
దానంతటదే తిరిగి ఉంది.

రెండింటికి బండొచ్చింది.
గేటు దగ్గర ఒకాయన,
కుడి భుజం మీద నిద్రపోతున్న పిల్ల,
టికెట్టు ఇటు చాపి నొచ్చుకున్నాడు.
"ఎడం చెయ్యి, ఏమనుకోకండి మేడం."
"నాదీ అదే" అంటూ అందుకున్నా.
నిద్రమత్తులో ఉన్నాడు, విన్నట్టు లేడు.

స్కోరు తెల్లారాక చూడాలి.